మామ్మ ఎండాకాలపు తిట్లు

నా చిన్నప్పుడు గాజువాకలో మాది రేకుల ఇల్లు. వేసవి వచ్చిందంటే అది ఇల్లు కాదు, పెనం. ఒక ఏడాది ఎండ మనుషుల మీద కక్ష కట్టినట్టే కాసింది. పక్కనే సముద్రం ఉండి ఏం లాభం, గాలి కదలదు, చెమట ఆరదు, కరెంటు ఉండదు. మా వీధి ఇస్త్రీబండి ఆయన వడదెబ్బకి పోయాడు. ఆ మర్నాడే పక్క వీధిలో ఇంకొకరు.

మా ఎదురింట్లో ఒక ముసలాయన ఒంటరిగా ఉండేవాడు. పోర్టులో కలాసీగా చేసి మానేశాడు. ఆయనకీ మా మామ్మకీ ఉప్పూ నిప్పూ. కుళాయి దగ్గర బిందెల వరసలో మొదలైన తగువు ఏళ్లు గడిచినా చల్లారలేదు. మామూలు రోజుల్లో ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు కాదు. అలాంటిది, ఆ ఎండల్లో మామ్మ పొద్దున్నా, మధ్యాహ్నం, మళ్లీ సాయంత్రం గుమ్మంలో నిలబడి కేకేసేది.

"ఇంకా సావలేదేట్రా ముసిలోడా?"

"నిన్ను పాడెక్కించాకే సత్తానే" అని లోపల్నుంచి జవాబు వచ్చేది. మామ్మ కొంగుతో మెడ తుడుచుకుంటూ వచ్చి తన పని చూసుకునేది. శవాలు లేస్తున్న రోజుల్లో ఇవేం తిట్లు, ఛీ, అని నాకు ఒళ్లు మండిపోయేది.

ఒక మధ్యాహ్నం జవాబు రాలేదు. మామ్మ మళ్లీ కేకేసింది. ఈసారి ఆయన అమ్మనీ అయ్యనీ కూడా కలిపి తిట్టింది. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంతే, చెప్పులైనా వేసుకోకుండా కాలుతున్న వీధి దాటి వెళ్లి ఆ తలుపు తన్నింది. ఆయన మంచం పక్కన పడి ఉన్నాడు. ఒళ్లు కాలిపోతోంది, పిలిస్తే తెలివి లేదు. మామ్మ మేం తాగే నీళ్ల బిందె తెచ్చి ఆయన మీద కుమ్మరించింది, తడిబట్ట చుట్టింది, నలుగుర్నీ పోగేసి ఆటోలో పెద్దాసుపత్రికి పంపింది. బతికాడు.

ఆయనంటే నీకు పడదు కదా అని అడిగాను.

"పడదు. అయితే ఏటి? పలుకుతన్నాడో లేదో సూసుకోవాల కదా. మంచిగా అడిగితే ఆడు పలకడమ్మా."

ఆయన ఇంటికొచ్చిన వారానికే కుళాయి దగ్గర మామ్మ బిందె పక్కకి తన్నాడు. రాజీ గీజీ ఏమీ జరగలేదు.

ఇప్పుడు కూర్మన్నపాలెంలో మా కింది ఫ్లాటు పెద్దాయనకీ నాకూ బండి పెట్టే చోటు దగ్గర పేచీ. ఈ ఎండల్లో కరెంటు పోయినప్పుడల్లా వెళ్లి ఆయన తలుపు కొడుతున్నాను. ఆయన మొహం చిట్లించి, మళ్లీ ఏటండీ, అంటాడు. ఆ బండి గురించే నాలుగు మాటలు అనేసి పైకొస్తాను. మామ్మ దగ్గర నేను నేర్చుకున్న విద్య ఇదొక్కటే. మాటలు మానేయడం అంటారా, అది వానలు పడ్డాక చూసుకుంటాం.