కాఫీ లేని తిరమిసు

మహబూబ్ బాషా జన్మలో ఎవరికీ అడిగింది ఇచ్చినవాడు కాదు. పఫ్ అడిగితే బన్ను ఇస్తాడు. బన్ను అడిగితే బ్రెడ్డు ఇస్తాడు. బ్రెడ్డు అడిగితే ఇంటికెళ్ళి అన్నం తినమంటాడు. కుందలహళ్ళిలో మా ఇంటి ఎదురుగానే అతని బేకరీ. గోడకు బారెడు బోర్డు, దానినిండా తినుబండారాల పేర్లు. నా చదువు మూడో తరగతి. అయినా ఆ బోర్డు నాకు కంఠతా వచ్చు. అడిగింది ఎలాగూ రాదు కాబట్టి, నిలబడ్డంతసేపూ దాన్ని చదువుకోవడం తప్ప మరో పని ఉండేది కాదు.

నవ్వుతూ చేస్తే సరసమని సరిపెట్టుకోవచ్చు. నవ్వడు. తీర్పు చెప్పే జడ్జీలా తల వంచుకుని, తనకు తోచింది కాగితంలో పెట్టి, పొట్లం కట్టి, దారం చుట్టి మన చేతిలో పెడతాడు. ఇంటికొచ్చి విప్పితే గాని మన ప్రాప్తమేమిటో తెలియదు.

మా మేడ మీద ఒంటి గదిలో అద్దెకుండే నరేశ్ ఒకరోజు నా ఎదుటే అడిగాడు.

"అన్నా, రెండు క్రీమ్ బన్."

"రస్కు తీసుకోప్పా."

"రస్కు ఎవరడిగారన్నా?"

"ఎవురూ అడగరు. అందుకే చానా మిగిలిపోయినాయి."

నా సంగతీ అంతే. కొబ్బరి పెట్టిన దిల్‌పసంద్ ఒక ముక్క కావాలంటే కారం నిప్పట్లు, అవే చెక్కలు, కట్టి ఇచ్చాడు. నాకు ఒళ్ళు మండింది.

"నాకు చక్కెర జబ్బని నీకెవరు చెప్పారు బాషా?"

"ఎవురూ చెప్పలేదక్కా. ఇప్పుడు నువ్వే చెప్తివి."

ఆ నిప్పట్లు అతని మొహాన కొడదామనుకున్నాను. వాసన చూసి ఆగిపోయాను. అదే అతని ధీమా. చేతిలో ఆ రుచి లేకపోతే కుందలహళ్ళి జనం ఆ మనిషిని బేకరీతో సహా ఎత్తి ఊరవతల పారేసి ఉండేవారు.

ఇలాంటివాడి చేతిలో ఒక పిల్ల కాపురం పడింది. అది చెప్పడానికే ఇదంతా.

రెండువేల అయిదో సంవత్సరం, ఎండలు ముదురుతున్న రోజులు. మా మేడ మీద పెద్ద వాటాలో సురేశ్, వరూధిని కాపురం ఉండేవారు. ఇద్దరివీ కంప్యూటరు ఉద్యోగాలు. ఇళ్ళల్లో చెప్పకుండా రిజిస్ట్రారాఫీసులో దండలు మార్చుకున్నారు. సురేశ్ తల్లి నంజమ్మ కె.ఆర్.పురంలోనే ఉంటుంది. బస్సెక్కితే ఎంతోసేపు పట్టదు. అయినా పెళ్ళయినప్పటి నుంచి ఆమె ఈ గడప తొక్కలేదు. ఆఖరికి ఎవరో నచ్చజెబితే కబురు పంపింది: "శనివారం వస్తాను. నా కొడుకును చూసుకుంటాను. ఆ ఇంట్లో పచ్చినీళ్ళు కూడా ముట్టను."

మనవాళ్ళలో దాని అర్థం ఏమిటో అందరికీ తెలుసు. ఒక్క ముద్ద తిన్నదా, కోడలిని ఒప్పుకున్నట్టు. నోరు తడపకుండా లేచిపోయిందా, ఆ తలుపు ఇక మూసుకున్నట్టే. సురేశ్ ఆ దిగులుతో సగమైపోయాడు. వరూధిని మాత్రం కంప్యూటర్లోంచి తీసిన కాగితం పట్టుకుని నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"అవ్వా, తిరమిసు చేయిద్దాం. ఇటలీ స్వీటు. సురేశ్‌కి చాలా ఇష్టం. బిస్కట్లని కాఫీలో ముంచి, పొర మీద పొర పేర్చి, మధ్యలో క్రీము పెడతారు. క్రీములో పచ్చిగుడ్డు, కొంచెం లిక్కరు..."

"మొదటిసారి వచ్చిన అత్తకు సారాయి పోస్తావా తల్లీ?"

"లిక్కరు మానేద్దాంలే అవ్వా. కాఫీ మాత్రం ఉండాలి."

ఇద్దరం బేకరీకి వెళ్ళాం. బాషా కళ్ళద్దాలు తుడుచుకుని ఆ కాగితాన్ని కోర్టు నోటీసులాగా చూశాడు.

"ఎవురికి?"

"మా అత్తగారికి అంకుల్. కె.ఆర్.పురం నంజమ్మగారు."

అతను కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి పిల్ల చేతికి తిరిగి ఇచ్చేశాడు.

"కాఫీ వద్దు. మల్బరీ పండ్లతో చేద్దాం."

"అంకుల్, తిరమిసు అంటేనే కాఫీ!"

"పేరు అదే పెట్టుకోమ్మా. నేనేం అడ్డం రాను."

నేను ఆగలేకపోయాను. "బాషా, ఈ పిల్ల కాపురం నీ మొండితనం మీద వేలాడుతోంది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అడిగింది ఇచ్చి చావు!"

"సరే అక్కా," అన్నాడు, ఎంతో వినయంగా.

శుక్రవారం మధ్యాహ్నం మా వంటింట్లోకి వచ్చాడు. చేతిలో బుట్టెడు మల్బరీ పండ్లు. వాళ్ళ అత్తగారిది శిడ్లఘట్ట, పట్టుపురుగులు పెంచే ఊరు. అక్కణ్ణుంచి తెప్పించాడట. కాఫీగింజ ఒక్కటి కూడా లేదు. నేను చూసిన చూపుకు మరొకరైతే వెనక్కి తిరిగి పోయేవారు. అతను నా ఫ్రిజ్ తలుపు తీసి, నా ఇడ్లీపిండి గిన్నెను, అద్దె కట్టనివాణ్ణి బయటికి పంపినట్టు, నేల మీద పెట్టాడు.

పండ్లను కాస్త చక్కెరతో ఉడికించి, గుడ్డలో వేసి రసం పిండాడు. ముందురోజే మూటకట్టి వేలాడదీసిన గట్టి పెరుగును వెన్నలాంటి క్రీముతో కలిపి గిలకొట్టాడు. గుడ్డు వెయ్యకుండా తనే కాల్చుకొచ్చిన కేకును బద్దలుగా కోశాడు. అంతా సిద్ధం చేసి, చేతులు వెనక్కి కట్టుకుని పక్కకు జరిగాడు.

"ఇంక నువ్వు పేర్చమ్మా."

"నేనా? నాకు పాలు కాయడం కూడా రాదంకుల్!"

"దీంట్లో పాలు కాసే పని లేదు."

పిల్ల కేకు బద్దను రసంలో ముంచింది. అది మెత్తబడి విరిగి గిన్నెలోనే కూలబడింది.

"ముంచి తీయాలమ్మా. తలంటు పోసేది కాదు."

మళ్ళీ ముంచింది. ఒక పొర కేకు, ఒక పొర క్రీము, మళ్ళీ కేకు, మళ్ళీ క్రీము, పైన నల్లటి పండ్లు. ఒక మూల ఒరిగిపోతే అంతా తీయించి మొదటి నుంచి పేర్పించాడు. బాషా ఒక్క బద్ద కూడా ముట్టుకోలేదు. అడిగింది ఇవ్వకపోగా, కొనుక్కోవడానికి వచ్చినవాళ్ళ చేతనే చాకిరీ చేయించే వ్యాపారం బెంగళూరు మొత్తంలో ఇతనిదేనని పైకే అన్నాను. వినపడనట్టు నిలబడ్డాడు.

శనివారం నంజమ్మ వచ్చింది. ఎత్తైన మనిషి. నీళ్ళసీసా తనదే తెచ్చుకుంది. కుర్చీ అంచు మీద, ఏ క్షణమైనా లేచిపోయేలా కూర్చుంది. పిల్లవైపు పెద్దదిక్కుగా నేను ఎదురుగా కూర్చున్నాను. బాషా తన గిన్నెల కోసమని వచ్చి గుమ్మం పక్కన నిలబడ్డాడు. వరూధిని ప్లేటు తెచ్చి ముందర పెట్టింది.

నంజమ్మ ప్లేటును వేలితో అవతలికి జరిపింది.

"ఇదేనా ఆ కాఫీ తీపి? మావాడు ఫోన్లో చెప్పినాడులే. నాకు పనికిరాదు. మా ఇంటాయన పోయినంక కాశీకి పోయి కాఫీ విడిచిపెట్టి వచ్చినాను."

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకు ప్రాణమైనదొకటి అక్కడ వదిలేసి వస్తారు. వదిలింది మళ్ళీ నోట పెట్టరు. దాని మీద మరొకరు ఒత్తిడి చేయడానికి లేదు.

సురేశ్ తెల్లబోయాడు. "అమ్మా, నాకెప్పుడూ చెప్పలేదే!"

"నీ పెండ్లి నాకు చెప్పినావా?"

గుమ్మం దగ్గర నుంచి బాషా గొంతు సవరించుకున్నాడు.

"దాంట్లో కాఫీ లేదక్కా."

నంజమ్మ తల తిప్పింది. "ఎవురూ? మా కె.ఆర్.పురం స్టేషను కాడ అప్పుడు టీ అంగడి పెట్టుకున్న బాషావు కదప్పా నువ్వు? ఈడ ఉండావా?"

"ఈడనే ఉండానక్కా."

"కాఫీ లేకుంటే మాత్రం? ఈ పొద్దు శనివారం. గుడ్డు ఉంటాది."

"లేదక్కా."

"సారాయి పోస్తారంట కదా."

"అదీ లేదు. హిప్పునేరళె, అదే మల్బరీ పండ్లు, పెరుగు, కేకు. అంతే."

నంజమ్మ దగ్గర కారణాలు అయిపోయాయి. నాకు చెబుతున్నట్టుగా అంది.

"కాశీ నుంచి వచ్చిన కొత్తల్లో, పాత అలవాటుకొద్దీ ఈయప్ప అంగడికి పోయి కాఫీ అడిగినాను. బాదంపాలు ఇచ్చినాడు. కాఫీ కదప్పా అడిగింది అని ఎగిరిపడితిని. తలకాయి వంచుకుని ఊరికే ఉండిపోయినాడు. లోటా చేతిలో పట్టుకున్నంక గుర్తొచ్చింది, నేను విడిచినానని, కాశీకి పోయే ముందర ఈయప్పకే ఆ మాట చెప్పి పోయినానని. మా ఇంటాయన పేరు మీద విడిచిందాన్ని, ఈయప్ప ఆ పొద్దు కాఫీ ఇచ్చింటే తాగేసి ఉందును."

నేను బాషా వైపు చూశాను. అతను ఎంతో గంభీరంగా గుమ్మం చెక్కను పరిశీలిస్తున్నాడు.

"దీన్ని చేసింది నువ్వేనా?" అంది నంజమ్మ అతనితో.

"నేను ముట్టుకోలేదక్కా. నీ కోడలు చేసింది. ఆ పిల్ల వేళ్ళు చూడు."

వరూధిని చేతులు వెనక్కి దాచుకోబోయింది. నంజమ్మ ఆ చెయ్యి పట్టుకుని ముందుకు లాగింది. అయిదు వేళ్ళూ గోళ్ళదాకా ఊదా రంగు. ఎంత తోమినా పోయే మరక కాదది. నంజమ్మ ఆ వేళ్ళను చాలాసేపు చూసింది. చెయ్యి వదిలి, చెంచా తీసుకుని, ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. రెండోది పెట్టుకుంది. మూడోది.

"నీళ్ళియ్యమ్మా," అంది కోడలితో.

సురేశ్ గబుక్కున వంటింట్లోకి పోయాడు, మొహం కడుక్కోవడానికి.

తర్వాత బాషాను పక్కకు లాగి నిలదీశాను. "తెలిసినవాడివి ఆ రోజే చెబితే నీ సొమ్మేం పోయింది? అన్ని తిట్లు ఎందుకు తిన్నావు?"

"ఆమె విడిచింది ఆమె చెప్పుకోవాలక్కా. నేనెట్లా చెప్పేది?"

అతని గిన్నెలు నేనే కడిగి చేతికిచ్చాను. నేను అలా చేయడం అరుదు.

నంజమ్మ వెళ్ళబోతూ గడప దగ్గర ఆగి కోడలి వైపు తిరిగింది. "వచ్చే శనివారం మా ఇంటికి రా. మా తోడికోడళ్ళందరినీ పిలుస్తాను. వాళ్ళ ముందర కూర్చుని ఇది చెయ్యాల నువ్వు. రసం తీసేది, పెరుగు గిలకొట్టేది, అంతా నీ చేత్తోనే."

వరూధిని బాషా వంక చూసింది. బాషా ఫ్యాను వంక చూశాడు.

ఆ సాయంత్రం నుంచే మా వంటింట్లో బాషా బడి మొదలైంది. పిల్ల పాడుచేసినవన్నీ తినాల్సిన భారం నరేశ్ మీద, సురేశ్ మీద, వీధివాళ్ళ మీద పడింది. ఆ వారమంతా కుందలహళ్ళిలో మా వీధిలో ఎవరు నోరు తెరిచినా నాలుక ఊదా రంగే.