కుడి మూలన ‘రాబోయేవి’

మేడం పోయారన్న కబురు నాకు మెట్‌పల్లిలో, నేను పాఠాలు చెప్పే ప్రైవేటు జూనియర్ కాలేజీ స్టాఫ్‌రూములో తెలిసింది. నాతోపాటు ఎమ్మెస్సీ చదివిన స్నేహితురాలు ఫోన్ చేసింది. “మేడం లేదే” అన్నది. డిపార్ట్‌మెంటులో లేరనుకుని, “ఏడికి పోయింది?” అని అడిగాను. అది ఏడుపు మొదలుపెట్టాక గానీ నాకు అర్థం కాలేదు. డెంగీ అట. వారం రోజులు మామూలు జ్వరమేననుకుని క్లాసులకు వెళ్లారట. పార్ట్‌టైం వాళ్లకు జ్వరమొచ్చినా సెలవుండదు.

ఆమె పేరు ఇక్కడ రాయడం లేదు. మేమెవరమూ ఆమెను పేరుతో తలచుకోలేదు కూడా. కరీంనగర్‌లో మేం చదివిన యూనివర్సిటీలో బోటనీ చెప్పేవారు. రోజూ సుల్తానాబాద్ నుంచి బస్సులో వచ్చేవారు. పద్నాలుగేళ్లు పార్ట్‌టైం లెక్చరర్‌గా చేసి, పార్ట్‌టైం లెక్చరర్‌గానే పోయారు. డౌట్ అడగడానికి వెళితే ముందు “తిన్నవా?” అనేవారు. తినలేదంటే డౌట్ తీర్చేవారు కాదు, తన డబ్బా మూత తీసేవారు.

నేను ఉట్నూరు దగ్గరి ఊరి నుంచి వచ్చాను. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే. మొదటి సోమవారం క్లాసులో మేడం పాఠం మొదలుపెట్టకుండా బోర్డు కుడి మూలన చిన్న గడి గీశారు. దానిమీద ‘రాబోయేవి’ అని రాశారు. కింద వరుసగా వరంగల్‌లో ఒక సెమినార్, మొక్కల గుర్తింపు మీద వర్క్‌షాపు, ఎస్టీ విద్యార్థుల ఫెలోషిప్, ఆఖర్న మా క్యాంపస్‌లోనే జరగబోయే జాబ్ మేళా. ఒక్కోదాని ఎదురుగా చివరి తేదీ వేశారు.

“ఎవలు పోతున్నరు?” అని అడిగారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

“మంచిది. అచ్చే సోమారం దాకా తుడవకుండ్రి” అని పాఠం మొదలుపెట్టారు.

రెండేళ్లూ ప్రతి సోమవారం ఆ గడి కనిపించింది. పేపర్లలోంచి కత్తిరించిన ముక్కలు ఆమె హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ ఉండేవి. ఎవరైనా “మనకు రాదు మేడం” అంటే ఒకటే జవాబు: “రానియ్యి, రాకపోనియ్యి. అప్లై జెయ్యకుంటే రాలేదని ఏడ్వనీకి గూడ హక్కుండదు.”

మొదటి ఏడాది చివర బెంగళూరులోని ఒక పరిశోధన సంస్థ వేసవి శిక్షణ ఆ గడిలోకి వచ్చింది. మేడం క్లాసు అయ్యాక నన్ను ఆపారు.

“నాకు ఇంగ్లిష్ సక్కగ రాదు మేడం. నన్నెవలు తీసుకుంటరు?”

“తీసుకునుడు ఆళ్ల పని. పంపుడు మన పని. పా, ఫోటో దిగుదువు.”

గేటు బయట జిరాక్స్ షాపులో కూర్చుని, దరఖాస్తుతో పంపాల్సిన నా వ్యాసాన్ని నాలుగుసార్లు మార్పించారు. నెల తర్వాత నేను సెలక్టయినట్టు మెయిల్ వచ్చింది. మా బాపుకు ఫోన్‌లో చెబితే ఆయనకు బెంగళూరు ఎటువైపో తెలియదు గానీ, సంతోషపడ్డాడు. మా అవ్వ కొత్త దుప్పటి కొన్నది.

ఇక ఒక్కటే మిగిలింది. ఈ అమ్మాయి మా విద్యార్థే అని యూనివర్సిటీ నుంచి సంతకం, ముద్ర ఉన్న ఉత్తరం శుక్రవారంలోగా పంపాలి. సంతకం పెట్టాల్సినాయన బుధవారం సెలవు. గురువారం మీటింగు. శుక్రవారం హైదరాబాద్ వెళ్లారు. మూడు రోజులూ మేడం తన క్లాసుల మధ్య వచ్చి నా పక్కన ఆ గది ముందు బెంచీ మీద కూర్చున్నారు. లోపలికి పోయి అడిగితే గుమాస్తా ఆమెతో, “మీరు రెగ్యులర్ కాదు గద మేడం, మీకెందుకింత ఫికర్?” అన్నాడు. ఆమె బయటికొచ్చి నీళ్లు తాగారు.

సంతకం సోమవారం దొరికింది. అప్పటికి నా సీటు లిస్టులో తర్వాతి వాళ్లకు వెళ్లిపోయింది.

“తప్పు నీది గాదు బిడ్డా, నాది గూడ గాదు” అన్నారు మేడం. ఆ ఉత్తరం మడిచి నాకిస్తూ, “గని పోయింది మాత్రం మనదే” అన్నారు. ఆ రోజు కూడా బోర్డు మీద గడి గీశారు.

రెండో ఏడాది చివర జరిగిన జాబ్ మేళాకు ఇస్త్రీ బట్టలు వేసుకుని రమ్మన్నారు. అందరం వెళ్లాం. కంపెనీ వాళ్లు మా మార్కుల మెమోలు పక్కన పెట్టి, “బండి ఉన్నదా? లైసెన్స్ ఉన్నదా?” అని అడిగారు. మొక్కల కణజాలం గురించి ప్రాజెక్టు చేసిన మా క్లాస్‌మేట్ ఒకడు ఆ రోజే సామాన్లు చేరవేసే పనిలో చేరాడు. మేడం అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చారు. తర్వాత చేతిగుడ్డతో ముఖం చాలాసేపు తుడుచుకున్నారు.

మీకూ ఇలాంటి టీచరొకరు ఉండే ఉంటారు. తమకు రానిది మనకు వస్తుందని నమ్మేవాళ్లు. వాళ్ల నమ్మకం మనకు ఎంత బరువో వాళ్లకు తెలియదు.

నేను మెట్‌పల్లిలో చేరిన నాలుగేళ్లకు డిగ్రీ కాలేజీ లెక్చరర్ పోస్టులకు నోటిఫికేషన్ పడింది. పొద్దున్నే మేడం ఫోన్. “చూసినవా? బోటనీ ఉన్నది!” ఆమె గొంతులో అంత సంతోషం ఎన్నడూ వినలేదు.

“మీరు గూడ రాస్తున్నరు గద మేడం?”

“నాకు ఏజ్ దాటింది బిడ్డా. ఐదు నెల్లు.” మాట ఆపకుండా, “నువ్వు రాయి. నేను జెప్త” అన్నారు.

చెప్పారు కూడా. ఏడు నెలలు, రోజూ సాయంత్రం బస్సులో ఇంటికి వెళుతూ ఫోన్‌లో నన్ను ప్రశ్నలు అడిగారు. హారన్ల మధ్య, కండక్టర్ కేకల మధ్య మొక్కల కుటుంబాలన్నీ అప్పజెప్పాను. పరీక్ష బాగా రాశాను. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు. జవాబుల కీ వచ్చాక మేమిద్దరం మూడుసార్లు సరిచూసుకున్నాం.

తర్వాత ఎవరో కోర్టుకు పోయారు. ఆ తర్వాత నోటిఫికేషనే రద్దయింది.

ఆ సాయంత్రం నేనే ఫోన్ చేశాను. మేడం ఏదో ఒకటి అంటారని, ఎప్పటిలాగే ఇంకో తేదీ చెబుతారని ఎదురుచూశాను. బస్సు చప్పుడు మాత్రమే వినపడింది. చివరికి, “ఇగ నీకు నేనేం జెప్పాలె?” అన్నారు.

ఆ తర్వాత ఆమె రెండుసార్లు ఫోన్ చేశారు. నేను ఎత్తలేదు. తిరిగి చేయనూ లేదు. కోపం కాదు. ఆమె మళ్లీ ఏదైనా చూపిస్తే దాని వెనక పరుగెత్తే ఓపిక నాలో లేదు.

సుల్తానాబాద్‌లో ఆమె ఇంటికి నేను చేరేసరికి అంతా అయిపోయింది. ఇంటిముందు టెంటు కింద క్యాంపస్ నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలున్నారు. మేడం ఇప్పటి స్టూడెంట్లు, ఈ ఏడాది చేరినవాళ్లు. పలకరిస్తూ, ఈ సోమవారం ‘రాబోయేవి’లో ఏం రాశారని అడిగాను. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

“అదేంది అక్కా? మాకెన్నడు గట్ల రాయలే” అన్నది ఒకమ్మాయి. “మేడం అచ్చి పాఠం చెప్పి పోతుండె. గంతే.”

మేడం వాళ్ల అక్క నన్ను లోపలికి పిలిచి టీ ఇచ్చింది. నా పేరు చెప్పగానే గుర్తుపట్టింది. “నీకు ఫోన్ జేస్తుండె మా చెల్లె. ఏం పని లేదమ్మా. ఊకెనే. పిల్ల ఎట్లున్నదో, తింటున్నదో లేదోనని.”

టీ గ్లాసు కింద పెట్టేశాను. ఆమె నాకు చూపించబోయింది ఇంకో చివరి తేదీ అనుకున్నాను. ఆమె అడగాలనుకున్నది అన్నం తిన్నావా అని.

బస్టాండుకు నడిచి వెళ్లాలంటే మార్కెట్ యార్డు దాటాలి. నాలుగు రోజులుగా అకాలవర్షం. కాంటా వేయించి అమ్మడానికి తెచ్చిన వడ్లు కుప్పలుగా తడిసి ఉన్నాయి. ఒకామె టార్పాలిన్ తొలగించి, వంగి, చేత్తో కుప్పను కెలికింది. వడ్లన్నీ మొలకలెత్తాయి. వేలెడు పొడవున, లేత పచ్చగా, చాలా ఆరోగ్యంగా. ఆమె ఒక పిడికెడు తీసి వెలుతురుకు పట్టి చూసింది. మళ్లీ కుప్పలోనే పోసి, టార్పాలిన్ కప్పి, దానిమీద రాయి పెట్టింది.