బ్రేకు పట్టని ఎడమచెయ్యి

రుషికొండ దగ్గర చాయ్ బండి ముందు నిలబడి ఉన్నాం. ఖాజా తన గ్లాసును "అమ్మో, కాలుతాంది" అని బల్ల మీద పెట్టేసి వేళ్లు ఊదుకుంటున్నాడు. నేను మాత్రం ఎడమచేత్తో గ్లాసు పట్టుకుని సముద్రం చూస్తూ తాపీగా తాగుతున్నాను. "నీది చెయ్యా, పటుకారా?" అని నవ్వాడు. నేనూ నవ్వాను. భీమిలి చేరాక చూసుకుంటే చిటికెన వేలి పక్కన పెద్ద నీటిపొక్కు. ఎప్పుడు కాలిందో నాకు తెలియనే లేదు. నా జబ్బు నాకు కనబడిన మొదటి రోజు అదే. కనబడింది గానీ నేను చూడలేదు.

మాది వరంగల్, కాశిబుగ్గ. జంపఖానాలు నేసేవాణ్ని. ఖాజామియాది మా వీధి మొదట్లో సైకిల్ రిపేరు దుకాణం. వాళ్ల పిన్ని విశాఖపట్నంలో ఉండేది. డెబ్బైల్లో ప్రతి ఏడూ వానలు వెనకబట్టగానే మేమిద్దరం సైకిళ్లను రైలు బ్రేక్ వ్యానులో వేసుకుని ఆమె ఇంటికి పోయేవాళ్లం. "కాలికి బలపం కట్టుకున్నవా? సముద్రం చూసేతందుకు రైలు సాలదా, సైకిలెందుకు?" అని నా భార్య సరోజన ఏటా తిట్టేది. గుంటలో కాళ్లు పెట్టుకుని రోజంతా మగ్గం ముందు కూర్చునేవాడికి ఆ రోడ్డు ఏమిటో ఆమెకు ఎలా చెప్పను? కుడిపక్క సముద్రం, ఎడమపక్క కొండలు, మధ్యలో మనం. ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగి నీళ్లు తాగడం, తాటితోపుల నీడలో కాసేపు పడుకోవడం, భీమిలిలో లైట్‌హౌస్ కింద టిఫిన్ విప్పడం. ఇంకా ఓపిక ఉంటే గోస్తనీ నది ఒడ్డున తగరపువలస దాకా. ఆ దారి తీరంలా కాదు, పచ్చగా, చల్లగా ఉంటుంది. ఆ నాలుగు రోజుల కోసమే మిగతా ఏడాది నేసేవాణ్నంటే అబద్ధం కాదు.

మాకొక రివాజు ఉండేది. పోయేటప్పుడు ఎవరి సైకిల్ వాళ్లది. భీమిలి లైట్‌హౌస్ దగ్గర మార్చుకునేవాళ్లం. తిరుగుదారంతా అతని బండి నాది, నా బండి అతనిది. ఖాజా పెట్టిన పద్ధతి అది. "రోజూ తొక్కే బండిల తప్పు మనకు ఎర్కగాదుర మల్లేశం. దోస్తు తొక్కితేనే బయటపడ్తది" అనేవాడు.

పొక్కు లేచిన ఆ రోజు కూడా మార్చుకున్నాం. ఖాజా నా బండి ఎక్కి కొంచెం దూరం పోయి ఆగాడు.

"ఎడమ దిక్కు గింత బట్ట సుట్టినవేందిర?"

"చిటికెన వేలు, పక్క వేలు తిమ్మిరెక్కుతున్నయ్. హ్యాండిల్ గట్టిగున్నది గద."

"గంతేనా? రబ్బరు గ్రిప్పులు ఏస్త తియ్. ఫికర్ జెయ్యకు."

వరంగల్ రాగానే గ్రిప్పులు మార్చాడు. తిమ్మిరి పోలేదు. హ్యాండిల్ పైకి లేపాడు. సీటు దించాడు. సైకిల్ తొక్కేవాళ్ల బుర్ర సైకిల్ దాటి పోదు. ఎంతకాలం వైద్యం చేశామో ఆ బండికి! చెయ్యి గురించి ఒక్కరోజూ ఆలోచించలేదు. మోచేతి కింద ఒక పాలిపోయిన మచ్చ ఉండేది. దాన్ని శోభి అనుకుని సరోజన ఏదో మలాం రాసేది.

చివరికి మగ్గం మీద బయటపడింది. పోగులు ఎడమచేతి వేళ్ల మధ్య నుంచి జారిపోసాగాయి. ఒకరోజు పొయ్యి మీది గిన్నెను ఉత్త చేత్తో దించాను. సరోజన చూసి నోరు నొక్కుకుంది. "చేతులు కాలినంక ఆకులు పట్టుకుంటవా? ఇయ్యాల్నే దవాఖానకు నడువు" అని వెంటబడి తీసుకుపోయింది.

పెద్ద దవాఖానలో స్కిన్ ఓపీకి పంపారు. డాక్టరమ్మది విజయనగరం వైపు. తిమ్మిరి ఎప్పటినుంచి అని అడిగితే మా భీమిలి సైకిల్ ప్రయాణాల సంగతి చెప్పాను. నన్ను కళ్లు మూసుకోమని దూదితో ముట్టింది, సూదితో గుచ్చింది. ఒక గాజు గొట్టంలో వేడినీళ్లు, ఇంకోదాంట్లో చన్నీళ్లు పోసి మచ్చ మీద ఆనించి "ఏది వేడి?" అని అడిగింది. నాకు రెండూ ఒకటే. మోచేయి వెనక వేలు పెట్టి నొక్కింది. "అల్నార్ నర్వ్ ఉబ్బి తాడులాగ తగులుతోంది" అని పక్కనున్న వాళ్లకు చెప్పింది. చెవి తమ్మె గీరి పరీక్షకు స్మియర్ తీశారు.

"హాన్సెన్స్ డిసీజ్ అయ్యా."

"అంటే ఏందమ్మా?"

"కుష్టు."

మా దిక్కు పెద్దరోగం అంటారు. రైల్వే స్టేషన్ మెట్ల మీద కూర్చునే మనుషులు కళ్లముందు తిరిగారు. డాక్టరమ్మ నా ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని, "భయపడకు. డాప్సోన్ మాత్రలు మొదలుపెట్టాక ఇది ఎవరికీ అంటదు. కానీ సైకిల్ ఎక్కొద్దు. ఈ చేతికి నొప్పి తెలియదు, పుండైనా తెలియదు. బ్రేకు గట్టిగా పట్టుకునేంత బలం వచ్చిన రోజున మా భీమిలికి వెళ్దువుగాని" అంది.

బ్రేకు పట్టే బలం. ఆ మాటే పట్టుకుని ఏళ్లు ఈడ్చాను.

సంగతి ఖాజాకు నేనే చెప్పాను. విన్నాడు. తల వంచుకుని చక్రం పుల్లలు బిగించాడు. మర్నాడు మా ఇంటికొచ్చి గడప దగ్గరే కూర్చున్నాడు. సరోజన చాయ్ ఇస్తే, "రోజా ఉన్న వదినా" అన్నాడు. అది రంజాన్ నెల కాదు. సరోజన గ్లాసు లోపలికి తీసుకుపోయింది. నా ప్రాణం చచ్చిపోయింది. ఊళ్లో ఎవరు దూరం జరిగినా ఇంత బాధ లేదు. తర్వాత కూడా అతను రావడం మానలేదు, దవాఖాన కబుర్లు అడిగేవాడు. కానీ భీమిలి మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు.

డాప్సోన్ రోజూ మింగడం, నెల నెలా లైన్లో నిలబడడం. జబ్బు కంటే ఆ లైను ఎక్కువ అలసట. తగ్గుతోందనుకుంటుండగా, గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, ఒళ్లు జబ్బు మీద తిరగబడే రియాక్షన్ వచ్చింది. జ్వరం, మోచేయి వాపు, భుజం దాకా సలపరం. రెండు వేళ్లూ లోపలికి ముడుచుకుపోయాయి. వాపు తగ్గడానికి ప్రెడ్నిసొలోన్ ఇచ్చి, చేతికి స్ప్లింట్ బద్ద కట్టి, కదలొద్దన్నారు. ఆ మాత్రలకు ముఖం ఉబ్బి నన్ను నేనే గుర్తుపట్టలేకపోయాను. ఎంత విసుగొచ్చిందంటే, ఆ చెయ్యి కోసేసినా బాగుండుననిపించింది. వాపు తగ్గాక ఫిజియోథెరపీ. కరిగిన మైనంలో చెయ్యి ముంచడం, నూనె రాసి వేళ్లు సాగదీయడం. కూర్చున్నచోటే కళ్లు మూసుకుని భీమిలి దారంతా తొక్కేవాణ్ని. దిబ్బల దగ్గర దిగుడు వచ్చినప్పుడల్లా ఎడమ పిడికిలి బిగించేవాణ్ని. చిటికెన వేలు మాట వినేది కాదు.

ఒకసారి చెకప్‌కు ఖాజా నాతో వచ్చాడు. డాక్టరమ్మను నేరుగా అడిగాడు: "అమ్మా, ఈయన పట్టిన హ్యాండిల్ నేను పట్టుకుంటే అంటుకుంటదా?"

"ఇన్నేళ్లుగా ఈ చెయ్యి నేను పట్టుకుంటూనే ఉన్నానుగా" అందామె.

ఖాజా తల ఊపాడు. దారిలో దుకాణం సంగతులే మాట్లాడాడు. నాకు కోపం వచ్చింది. అడగాల్సింది అడిగాడు, చెప్పాల్సింది చెప్పలేదు.

ఎనభైల్లో కొత్త మందులు వచ్చాయి. రిఫాంపిసిన్ నెలకొకసారి, దవాఖానవాళ్ల ముందే మింగాలి. మొదటిసారి మూత్రం ఎర్రగా వచ్చేసరికి రక్తమనుకుని పరుగెత్తుకుంటూ పోయాను. "అది మందు రంగు, రక్తం కాదయ్యా" అని డాక్టరమ్మ నవ్వింది. కొన్నాళ్లకు మందులు ఆపేశారు. "పోయిన స్పర్శ మొత్తం తిరిగి రాదు. చిటికెన వేలు కాస్త వంగే ఉంటుంది. ఏదీ, నా వేళ్లు నొక్కు" అంది. నొక్కాను. "చాలు, బ్రేకు పడుతుంది."

ఖాజాకు ఆ మాట చెప్పగానే "రైలుకు బండ్లు బుక్ జేస్తాన్న" అన్నాడు, అంతే.

మళ్లీ ఆ రోడ్డు. దిగుడులో నా కుడిచేతి బ్రేకుతో పాటు ఎడమచేతిదీ మెల్లగా పట్టింది. ఒంట్లో సత్తువ లేదు, ప్రతి ఎత్తుకూ దిగి నడిపించాను. ఖాజా ఎప్పుడూ ముందే పోయాడు. హ్యాండిల్ మీద తువ్వాలు కప్పాడు, ఎండకు కాబోలనుకున్నాను. లైట్‌హౌస్ దగ్గర తిన్నాం. లేచేటప్పుడు అతన్ని ఇబ్బంది పెట్టడం ఇష్టం లేక, నా సైకిల్ స్టాండు నేనే తీశాను.

"ఏందిర, రివాజు మర్చినవా?"

"ఎందుకులే ఖాజా."

అతను నా చేతిలోంచి నా బండి గుంజుకున్నాడు. నేను పట్టిన చోటే రెండు చేతులూ వేశాడు. "ఆనాడు రోజా అన్న గద. అబద్ధం. భయమైంది. మాఫ్ జెయ్యి" అన్నాడు, నా వైపు చూడకుండా.

నేను అతని బండి దగ్గరికి పోయి తువ్వాలు తీశాను. ఎడమ గ్రిప్పు రెండింతల లావుగా ఉంది, నా వంగిన చిటికెన వేలు ఆనేచోట గుంట తొలిచి ఉంది. బ్రేకు లివర్‌ను హ్యాండిల్ దగ్గరికి వంచాడు. తన బండికి. నేను తిరుగుదారిలో ఎక్కేది అదే కాబట్టి.

"గిది ఎప్పుడు జేసినవ్?"

"అంటుకోదని డాక్టరమ్మ చెప్పిన్నాడే మొదలువెట్టిన. పొద్దటిసంది నా చెయ్యి గుంజుతాంది దీంతోని. జల్ది ఎక్కు, నాకు నా చెయ్యి కావాలె."

ఏడ్చాను. సిగ్గేముంది.

ఇప్పుడు మగ్గం పని సగమే చేస్తాను, తొందరగా అలసిపోతాను. ఏ గ్లాసైనా ముందు కుడిచేత్తో ముట్టి చూస్తాను. పొద్దున్నే ఖాజా దుకాణంలో కూర్చుంటాను. మొన్నొకాయన వచ్చి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి, మెత్తటి గ్రిప్పు వెయ్యమన్నాడు. ఈ రాత చదివేవాళ్లకు నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. అది ఖాజాయే అతనికి చెప్పాడు.

"గ్రిప్పు నేనెప్పుడన్న ఏస్త. తిమ్మిరి బండికి రాదు అన్నా, మనిషికే వస్తది. ముందుగాల దవాఖానకు వోయి చెయ్యి సూపిచ్చుకో."