బయటి పొట్టేలు

బడిలో నా నోటుపుస్తకం చూసి పంతులు, "వీడి రాత కంటే గొర్రె తొక్కిన బురద నయం" అన్నాడు. ఆ మాట పట్టుకుని ఐదో తరగతిలోనే గొర్రెల్లో చేరిపోయాను. ఇప్పటికీ మందలో చదువు తక్కువైనవాణ్ణి నేనే. మొన్న మోత్కూర్ అంగడిలో పొట్టేలును బేరం చేస్తుంటే, అమ్మేవాడు "మీ మందల పొట్టేళ్ళే లేవా, గింత దూరం వచ్చినవ్?" అన్నాడు. ఉన్నాయి. కానీ మందలో పుట్టిన పొట్టేలును ఆ మందలోనే వదిలితే పిల్లలు కుంటివో గుడ్డివో పుడతాయని, రెండేళ్ళకోసారి బయటి ఊరిది తేవాలని మా అమ్మమ్మ శాసనం. మేమంతా ఆమెను అవ్వ అంటాం. ఆ శాసనం గుర్తొచ్చి, అంగడి నడుమ నాకు ఒళ్ళు మండింది.

ఎందుకంటే అదే అవ్వ మా అక్కను తన చిన్నకొడుక్కే, అంటే మా సొంత మేనమామకే చేసుకుంది. "మన పిల్ల మన ఇంట్లనే ఉంటది, బయటోనికెందుకు?" అంది. తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు అక్కకు బిడ్డ పుట్టింది. దీపావళికి వాకిట్లో పటాకులు పేలితే వీధి కుక్కలన్నీ ఉరికాయి గానీ, ఉయ్యాలలోని పిల్ల రెప్ప కదపలేదు. పట్నం దవాఖానలో డాక్టరమ్మ ఓపికగా చెప్పింది: ఎప్పుడో మీ ఇంట్లో ఒక జన్యువులో ఒక్క అక్షరం మారిపోయింది, ఒక్కరి నుంచే వస్తే అది చప్పుడు చేయకుండా పడి ఉంటుంది, తల్లి నుంచీ తండ్రి నుంచీ అదే వస్తే చెవులు పనిచేయవు, ఇద్దరూ ఒకే ఇంటివాళ్ళయితే ఆ ముప్పు ఎక్కువ. ఒక్క అక్షరం మారితే ఏమవుతుందో పంతులు ఎంత కొట్టినా ఎక్కని నాకు, ఆ రోజు ఎక్కింది.

ఇంటికి రాగానే అవ్వ అక్కను చూపించి, "దీని రక్తంలనే ఉన్నది దోషం. నా కొడుక్కు ఇంకో పిల్లను చేస్త" అంది. ఏ పిల్లను? మా చెల్లెను! అక్క పుట్టిన కడుపునే పుట్టి, నర్సు చదువుకు పోవడానికి బట్టలు సర్దుకుంటున్న మా చెల్లెను! బాపు తల వంచుకున్నాడు. మేనమామ గోడకు చెబుతున్నట్టు "అమ్మ ఇష్టం" అన్నాడు.

ఆ ఇంట్లో నవ్వించడం నా పని. ఆ రోజు నాకు నవ్వు రాలేదు. "దీని రక్తం ఎవలదే అవ్వా? నీ బిడ్డ కన్నది కాదా? గొర్రెకేమో ఊర్లు తిరిగి మొగున్ని తెస్తివి, అక్కకేమో నీ కొంగు పట్టుకున్నోన్ని ఇస్తివి. ఇగ చెల్లెను గూడ గదే దొడ్డిలకు తోల్తవా? గొర్రెకున్న ఇలువ గూడ లేదానే మాకు?" అని వాడకట్టు వినేలా అరిచాను. అవ్వ ఆ లగ్గం మాట మళ్ళీ ఎత్తలేదు. చెల్లె ఇప్పుడు చిట్యాలలో నర్సు. అక్క బిడ్డ చేతులతోనే మాట్లాడుతుంది, నా నడకను చేసి చూపించి ఇల్లంతా నవ్విస్తుంది. కాలం గడిస్తే కోపం ముసలిదవుతుందంటారు. నాది కాలేదు; ఏటికేడు ఈనుతూనే ఉంది.

కొత్త పొట్టేలును దొడ్డిలో కట్టేస్తూ అక్కను అడిగాను: "గొర్రెల సంగతి గంత తెలిసిన అవ్వకు, మన సంగతి ఎట్ల తెల్వలేదే?"

అక్క దాని ముందు గడ్డి వేసింది. "తెల్వక కాదురా తమ్మి. గొర్రె చెడితె అవ్వకు నష్టం. నేను చెడితె చెల్లె ఉండె గద."