నహపానుడి చెంప మీద మూడు కమానులు

నేను రిటైర్ కావడానికి మూడేళ్ళ ముందు, ఒక ఫిబ్రవరిలో, వాంకూవర్‌లో నేను పనిచేస్తున్న మ్యూజియం నాకు నలభై రెండు నాణేలు అప్పగించింది. దక్కన్ ప్రాంతపు ప్రాచీన వర్తకం మీద ఏప్రిల్‌లో ప్రదర్శన పెట్టాలని నిర్ణయం. అప్పుడు నా హోదా సీనియర్ కన్సర్వేటర్, లోహ విభాగం. వస్తువు చరిత్ర చెప్పడం క్యూరేటర్ల పని. దాన్ని పాడవకుండా కాపాడడం, అవసరమైతే శుభ్రం చేయడం మా పని.

ఈ ఉద్యోగంలో ప్రతి వస్తువుకూ మూడు కాగితాలుంటాయి. చేతికి వచ్చినప్పుడు ఎలా ఉందో రాసేది కండిషన్ రిపోర్టు. ఏం చేయదలచుకున్నామో రాసి పై అధికారి సంతకం తీసుకునేది ట్రీట్‌మెంట్ ప్రపోజల్. నిజంగా ఏం చేశామో రాసేది ట్రీట్‌మెంట్ రికార్డు. సంతకం పడేదాకా వస్తువుకు దూది పుల్ల కూడా తగలకూడదు. మా విభాగాధిపతి హెలెన్ నాకంటే తొమ్మిదేళ్ళు చిన్నది, పద్ధతి విషయంలో నాకంటే గట్టిది.

ప్రదర్శనకు సలహాలివ్వడానికి మ్యూజియం వాళ్ళు స్థానిక భారతీయుల్లోంచి కొందరిని పిలిచారు. తెలుగువారి తరఫున వచ్చినాయన రాజలింగం గారు. బోధన్‌లో పుట్టి, హైదరాబాదులో, ఆ తర్వాత బర్నబీలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు చేసి విశ్రాంతి తీసుకుంటున్న మనిషి. మొదటి సమావేశం అయ్యాక నా దగ్గరికి వచ్చి నాణేల జాబితా అడిగారు. రెండుసార్లు చదువుకున్నారు.

"మన శాతకర్ణిది ఒక్కటన్న లేదా, వసుంధర గారూ? మా మనవరాలు స్కూల్‌లో అలెగ్జాండర్ మీద ప్రాజెక్ట్ చేసింది. మనకెవరూ లేరా తాతా అని అడిగింది. నోటితోని చెప్పిన, చూపెట్టడానికి నా దగ్గర ఏం లేదు."

లేదనే చెప్పాను. మా రిజిస్టరులో అలాంటిదేదీ లేదు.

మూడో వారంలో జాబితాలోని ముప్ఫై ఒకటో నాణెం మైక్రోస్కోపు కింద పెట్టాను. కెనడా పది సెంట్ల నాణెం కంటే కొంచెం చిన్నది. రిజిస్టరులో దాని వివరం ఒకే ముక్క: నహపానుడు, వెండి, అరిగినది, తుప్పు ఎక్కువ. బర్నబీలో ఉండే ఒక పెద్దావిడ ఇచ్చింది. ఆవిడ తాతగారు బొంబాయి వైపు రైల్వేలో ఇంజనీరుగా ఉన్నప్పుడు సంపాదించినట్టు పాత ఉత్తరం జతచేసి ఉంది. వెండిలో కలిసిన రాగి బయటికి ఉబికి నాణెమంతా ఆకుపచ్చగా గట్టిపడింది. రాజు ముక్కు, నుదురు లీలగా తెలుస్తున్నాయి. చెంప దగ్గర మాత్రం ఒక వంపు గీత ఉంది. అది మనిషి ముఖానికి సంబంధించింది కాదు.

ఆ గీత దగ్గర నేను ఆగిపోవడానికి కారణం చెప్పాలి. శాతవాహనుల పడమటి నేలను, అక్కడి రేవులను, నాసిక్ మీదుగా పోయే వర్తక మార్గాన్ని శక రాజు నహపానుడు పట్టుకున్నాడు. గౌతమీపుత్ర శాతకర్ణి చేతికి వచ్చింది కుంచించుకుపోయిన రాజ్యం. పాలన పద్దెనిమిదో ఏట అతను నాసిక్ దగ్గర గెలిచిన సైన్యంతో విడిది చేసి ఉన్నాడు. అంతవరకు నహపానుడి అల్లుడి చేతిలో ఉన్న పొలాన్ని అక్కడి గుహల్లోని భిక్షువులకు ఇమ్మని ఆ విడిది నుంచే ఆజ్ఞ రాయించాడు. నహపానుడి వంశం ఆనవాలు లేకుండా పోయింది. కొడుకు పోయిన చాలా ఏళ్ళకు తల్లి గౌతమీ బాలశ్రీ ఒక గుహ గోడ మీద అతని విజయాలు చెక్కించింది. అతని గుర్రాలు మూడు సముద్రాల నీళ్ళు తాగాయని అందులో ఉంది. గెలిచాక శాతకర్ణి చేసిన మరో పని, నహపానుడి వెండి నాణేలను కరిగించకుండా వాటి మీదే తన అచ్చు కొట్టించడం. ఆ అచ్చులో మూడు కమానులు పేర్చిన కొండ గుర్తు, చుట్టూ బ్రాహ్మీ లిపిలో అతని పేరు ఉంటాయి. అలాంటివి వేల సంఖ్యలో దొరికాయి. మా రిజిస్టరులో ఒక్కటీ లేదు.

ప్రపోజల్ రాశాను. హెలెన్ చెంప దగ్గర మూడు మిల్లీమీటర్ల చదరానికి మాత్రమే సంతకం చేసింది. ప్రతి నిమిషానికీ ఆగి ఫొటో తీయాలని కింద చేత్తో రాసింది.

మర్నాడు ఉదయం పని మొదలుపెట్టాను. ఇలాంటి పనికి మేం ముళ్ళపంది ముల్లు వాడతాం. తుప్పును గీకగలిగేంత గట్టిది, వెండిని గీయలేనంత మెత్తనిది. మొదటి అరగంటా రాసినట్టే చేశాను. ఒక కమాను బయటపడింది, తర్వాత దాని పక్కది, వాటి మీద మూడోది. కొండ తేలింది. అక్కడితో అనుమతి అయిపోయింది. కానీ కొండకు అవతల అంచు వైపు, తుప్పు కింద, ఒక అక్షరం వంపు కనబడింది. పేరు అక్కడే ఉండాలి. ఆ పేరు చదవాలనిపించింది. ముల్లు అంచు వైపు జరిగింది. ఫొటో తీయలేదు. గడియారం చూడలేదు.

బ్రాహ్మీ "స" పూర్తిగా కనబడిన క్షణంలోనే అంచు నుంచి సన్నటి పొర లేచింది. లోపల వెండి పెళుసెక్కి ఉందని నాకు తెలియనిది కాదు. కింద పరిచిన నల్ల గుడ్డ మీద పడేసరికి ఆ పొర పొడి అయింది. అంటించడానికి ముక్క అంటూ మిగల్లేదు. నహపానుడి నాణేల మీద అతని పేరు గ్రీకు లిపిలోనూ ఉంటుంది. లేచే ముందు ఆ పొర మీద కనిపించినవి ఆ పేరులోని రెండు అక్షరాలు. శాతకర్ణి టంకశాలలో సుత్తి దెబ్బ తిని కూడా నిలిచిన అక్షరాలు నా చేతిలో పోయాయి.

ఆ భాగాన్ని అంత దగ్గరగా ఎవరూ ఫొటో తీసి ఉండలేదు. "ముందే ఊడిపోయి ఉంది" అని రాస్తే అడిగేవాళ్ళు లేరు. ఆ ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. రికార్డులో చివరికి ఇలా రాశాను: చికిత్స సమయంలో నష్టం, అనుమతించిన హద్దు వెలుపల, కారణం కన్సర్వేటర్. కాగితం పట్టుకుని హెలెన్ గదికి వెళ్ళాను.

ఆమె నిలబడే చదివింది. ఆగకుండా ఎంతసేపు చేశావని అడిగింది. చివరి ఫొటో తీసిన సమయం నుంచి లెక్కగట్టి పదకొండు నిమిషాలన్నాను. ఎందుకని అడిగింది. పేరు చదవాలనిపించిందన్నాను. ఎవరి పేరని అడగలేదు. నాణెం పెట్టె తన బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇంక దీన్ని ఎవరూ ముట్టుకోరని, ఇలాగే ప్రదర్శనలో పెడతామని చెప్పింది. నన్ను ఏడాది పాటు లోహాల నుంచి తప్పించి మట్టిపాత్రలకు మార్చింది. నాణెం ఇచ్చిన ఆవిడకు ఉత్తరం మాత్రం నన్నే రాయమంది. రాశాను. చెప్పినందుకు ధన్యవాదాలని ఆవిడ రెండు లైన్ల జవాబు పంపింది.

నాణెం మీద శాతకర్ణి కొండ బయటపడిన సంగతి రాజలింగం గారికి క్యూరేటరు ద్వారా తెలిసింది. ఆ మధ్యాహ్నమే బస్సెక్కి వచ్చేశారు. హెలెన్ బీరువాలోంచి పెట్టె తీసి చూపిస్తే, భూతద్దంలో కొండ చూసి కళ్ళు తుడుచుకున్నారు.

"ఫుల్‌గా క్లీన్ చేయించండి. ఆ శక రాజు ముక్కు ఎందుకు మనకు? మొత్తం తీసేయండి."

"అది తీసేస్తే మిగిలేది కొండ బొమ్మున్న వెండి బిళ్ళేనండీ. ఎవరిని గెలిచాడో చెప్పేది ఆ ముఖమే" అన్నాను. తర్వాత, దాచి లాభం లేదు కాబట్టి, జరిగింది కూడా చెప్పాను. మన రాజు అని తెలిశాక నా చెయ్యి ఆగలేదన్నాను.

"ఇరవై రెండేండ్ల సర్వీసున్న మీకే అంత ఆత్రమైతే, నాకు కాదా?" అంటూ ఆయన సంచిలోంచి ఒక కాగితం తీశారు. ప్రదర్శనలో గోడ మీద పెట్టడానికి ఆయన రాసుకొచ్చిన వాక్యం అది. భారతదేశమంతా జయించిన తొలి తెలుగు చక్రవర్తి అని ఉంది. "ఇది చూసి చెప్పండి. ఉన్నది ఉన్నట్టు చెప్పండి."

బాలశ్రీ శాసనం అనువాదం తెచ్చి ముందు పెట్టాను. అది ప్రాకృతంలో ఉందని, తెలుగు మాట అందులో లేదని చెప్పాను. ఆయన దేశాల పేర్ల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చదివారు. సౌరాష్ట్రం, అపరాంతం, విదర్భ, ఆకరావంతి, ఇంకొన్ని. అస్సక దగ్గర వేలు ఆగింది.

"అస్సక అంటే మా బోధన్ దిక్కే కదా?"

"చాలామంది పండితులు అలాగే అంటారు. అందరూ ఒప్పుకోలేదు."

"అయితే 'అంటారు' అనే రాస్తా" అన్నారు. తను రాసింది కొట్టేసి, శాసనంలో ఉన్న దేశాల పేర్లు మాత్రం వరసగా రాశారు. కొన్నాళ్ళకే మరో శక వంశం వచ్చి అందులో చాలా భాగం తిరిగి లాక్కుందన్న వాక్యం కూడా ఆయనే చేర్చారు. చేర్చేటప్పుడు మొహం ముడుచుకుంది గానీ పెన్ను ఆగలేదు. క్యూరేటరు అందులో ఒక్క మాటా మార్చలేదు.

నాణెం సగం తుప్పుతో, మూడు కమానులతో, వాటి వెనక నహపానుడి ముక్కుతో ప్రదర్శనకు వెళ్ళింది. పక్కన పెట్టిన వివరంలో రెండు అక్షరాలు మ్యూజియంలో పోయాయని రాయించింది హెలెన్. నా పేరు వేయలేదు. అడిగితే వేయమనేదాన్ని.

ఏడాది తర్వాత మళ్ళీ లోహాలకు వచ్చాను. మిగిలిన రెండేళ్ళలో, ఒక వస్తువు నుంచి నాకు ఫలానా జవాబు రావాలని ఉన్నప్పుడు దాన్ని ఒంటరిగా శుభ్రం చేయలేదు. ఆ జవాబుతో ఏ అవసరమూ లేని వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, వాళ్ళు ఆపమన్న చోట ఆపాను. నైపుణ్యం పెరిగినంత మాత్రాన ఈ జాగ్రత్త అవసరం తగ్గదని ఆ పదకొండు నిమిషాల్లో తెలిసింది.