వరుసలో వెనక్కి జరిగే కోటమ్మ పిన్ని

రెండేళ్ల కిందట, ఎండలు ముదురుతున్న రోజుల్లో జరిగిందిది. వినుకొండ మార్కెట్ వెనక సందులో నాకు కారం మిల్లు ఉంది. మా నాన్న తర్వాత నేనే నడుపుతున్నాను. మిరపకాయ ఎండి ఇళ్లకు చేరాక, ఏడాదికి సరిపడా కారం పట్టించుకోవడానికి జనం వరుస కడతారు. ఆ రెండు నెలలూ మా సందులో తుమ్మకుండా నడిచినవాడు లేడు.

మా పని తెలియనివాళ్లకు రెండు ముక్కలు చెబుతాను. పైన హాపర్ అని గరాటులాంటిది ఉంటుంది, కాయ అందులో పోస్తాం. లోపల పల్వరైజర్ దాన్ని నలగ్గొడుతుంది. జాలీ అనే జల్లెడ రేకులోంచి పొడి కిందికి దిగి గుడ్డ సంచిలో పడుతుంది. ఎంత దులిపినా ముందు పట్టించినవాళ్ల సరుకు గుప్పెడైనా లోపల మిగులుతుంది. అందుకే ధనియాలో పసుపో పట్టాక, కారానికి ముందు పిడికెడు బియ్యం వేసి తిప్పుతాం. ఆ బియ్యం తిప్పలేదని నా మిల్లులో ఎన్ని తగవులు తీర్చానో నాకే తెలియదు.

కోటమ్మ పిన్ని మాత్రం ఎన్నడూ తగువుకు రాలేదు. ఊరి చివర మిరప రైతుల ఇల్లు వాళ్లది. పొద్దున్నే సంచి తెచ్చి వరుసలో పెట్టేది. వెనక ఎవరొచ్చినా, "నాకేం తొందర? చంకన పిల్లోడున్నాడు, ముందు నువ్వు కానీమ్మా" అని జరిగేది. నేను బియ్యం తీయబోతే, "ఎందుకు మస్తానూ బియ్యం దండగ, అట్టా పోసెయ్" అనేది. ఎంత మంచి మనిషో, ఎంత పొదుపో చూడండని అందరికీ చెప్పేవాణ్ని. ఆఖరిసారి కారం పట్టించుకెళ్లిన నెలలోపే పిన్ని పోయింది. వాళ్లింటికి వెళ్లి చూసి వచ్చాను.

మళ్లీ కాయల రోజులొచ్చాయి. పిన్ని ఒక్కగానొక్క కూతురు పార్వతి, తన కూతురు లావణ్యను వెంటబెట్టుకుని మిల్లుకు వచ్చింది. చేతిలో చిన్న సీసా. అడుగున రెండు చెంచాల కారం.

"అన్నా, ఇంకో పన్నెండు రోజుల్లో అమ్మ సంవత్సరీకం. ఆమెకు ఇష్టమైనవన్నీ వండి విస్తట్లో పెట్టాలి. వాటిల్లో అమ్మ కారమే పడాలని నా ఆశ. మిగిలింది ఇంతే. ఇట్టాంటిదే పట్టి పెట్టు" అంది.

"అదెంత పనమ్మా" అన్నాను. అదే చేను, అదే కాయ, అదే మిషను. పైగా పిన్ని పేరు మీద పని కదా అని వాళ్లను వరుసలో నిలబెట్టలేదు. పొద్దున్నే మొదటి వంతు ఇచ్చాను. జాలీ విప్పి కడిగాను, కొత్త గుడ్డ సంచి కట్టాను, బియ్యం రెండుసార్లు తిప్పాను. కారం ఎర్రగా, బ్రహ్మాండంగా వచ్చింది. లావణ్య చిటికెడు తీసి వాసన చూసి, "ఇది కాదు మామయ్యా" అంది.

రెండోసారి జాలీ మార్చి బరకగా పట్టాను. కాదంది. మూడోసారి ఘాటు తక్కువ, రంగు ఎక్కువ ఉండే కాయ కొంత కలిపి చూశాను. అదీ కాదు. నాకు పంతం పట్టుకుంది. ఆ సీసాలో కారం నేను పట్టిందే, దాంట్లో ఏముందో నాకే తెలియకపోతే ఎట్టా? నాలుక మీద వేసుకుంటే ఘాటు వెనకాల ఏదో కమ్మగా తగిలి పోతోంది. పేరు మాత్రం దొరకడం లేదు. రోజులేమో తరిగిపోతున్నాయి.

ఆ మూడోసారే లావణ్య ఒక మాట అడిగింది. "మామయ్యా, మా అమ్మమ్మ పొద్దున ఇక్కడికొస్తే మధ్యాహ్నం అన్నాలకు గానీ ఇంటికి వచ్చేది కాదు. మాకేమో మీరు పావుగంటలో ఇచ్చేస్తున్నారు. అంతసేపు ఏం చేసేది?"

"అందర్నీ ముందుకు పంపేదమ్మా."

"అందర్నీనా?"

చెప్పబోయి ఆగాను. అందర్నీ కాదు. పెళ్లిళ్లకు బిర్యానీ వండే కరీమాబీ వచ్చేదాకా పంపేది. కరీమాబీ వేయించిన ధనియాలు, చెక్క, లవంగాలు పట్టించుకుని పక్కకు జరగ్గానే, పిన్ని చటుక్కున లేచి, "ఇంక నాది పొయ్యి" అనేది. ఇన్నేళ్లు నేను చూసిందే. చూసి మంచితనం అనుకున్నాను, పొదుపు అనుకున్నాను. తీరా ఇప్పుడు గౌరవం కొద్దీ, ఆమె కోరుకున్న, మిషన్లో మిగిలే ఆ గుప్పెడు మసాలానే మూడుసార్లు కడిగి పారేశాను.

అక్కడికక్కడే కరీమాబీకి ఫోన్ చేశాను. ఆమె నవ్వింది.

"ఇన్నేళ్లకా తెలిసింది నీకు? ఏ రోజు పట్టిస్తున్నావే అని పిన్ని వారం ముందే కబురు పెట్టేది. ఓసారి నేనే అన్నా, కాస్త మసాలా ఇస్తాను, తీసుకుపో పిన్నీ అని. వద్దంది. ఇంట్లో పెద్దాయనకు పడదు, నాకు ఈ వాసన చాలు అంది."

మర్నాడు కరీమాబీ వచ్చి మసాలా పట్టించుకున్నాక, బియ్యం తిప్పకుండా పార్వతి కాయలు పోశాను. పొడి దిగింది. పార్వతి ఒక అరచేతిలో సీసాలోది, ఇంకో అరచేతిలో కొత్తది పోసుకుని, కూతుర్ని కళ్లు మూసుకోమంది. లావణ్య అటూ ఇటూ వాసన చూసి, "రెండూ ఒకటే గదమ్మా" అంది.

పార్వతి కాయల బస్తా మీద కూలబడి ఏడ్చింది. కారం మిల్లులో ఏడిస్తే ఎవరూ తిరిగి చూడరు, అందరి కళ్లలోనూ నీళ్లే. నా కళ్లలో నీళ్లు మాత్రం ఆ పూట కారానివి కావు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అంది: "నాన్న పోయి పదేళ్లయిందన్నా. అయినా మసాలా ఇంట్లోకి రానిచ్చేది కాదు. ఆమెకే పడదనుకున్నాం. విస్తట్లోకి వండాల్సినవి రాసుకున్నాను, పదకొండు రకాలు. ఇప్పుడు తలుచుకుంటే అన్నీ నాన్నకు ఇష్టమైనవే."

తర్వాత కరీమాబీ వైపు తిరిగి, "అక్కా, నీ మసాలాతో కూర ఎట్టా వండాలో నాకు చెప్తావా?" అని అడిగింది.

ఆ పనితో నేను నేర్చుకున్నది ఒక్కటే. ఇప్పుడు బియ్యం డబ్బా మీద చెయ్యి వేసే ముందు, "తిప్పమంటారా?" అని అడుగుతాను. చాలామంది ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు. ఎప్పుడో ఒక పెద్దావిడ మాత్రం చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించి, "వద్దులే నాయనా" అంటుంది.