పదకొండు పొడి సంతకాలు

1967 జూన్‌లో నన్ను పాలకొండ తాలూకా ఆఫీసు నుంచి శ్రీకాకుళం కలెక్టరు కచేరీకి బదిలీ చేసి, ఎన్నికల సెక్షనులో వేశారు. హోదా యు.డి.సి. గుమాస్తాల్లో అది పై మెట్టు, అధికారుల లెక్కలోకి మాత్రం రాదు. సాధారణ ఎన్నికలు అప్పుడే ముగిశాయి కాబట్టి నాలుగేళ్లపాటు గోళ్లు గిల్లుకుంటూ కూర్చోవచ్చని తోటి గుమాస్తాలు నన్ను చూసి కుళ్లుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. శాసనమండలి అనేది ఒకటుందని మాలో ఒక్కడికీ గుర్తు లేదు.

శాసనమండలి అంటే శాసనసభకు పైన ఉండే సభ. దానికి జనమంతా ఓటు వెయ్యరు. కొన్ని స్థానాలు పట్టభద్రులవి, కొన్ని స్థానిక సంస్థలవి, కొన్ని ఉపాధ్యాయులవి. అంతకుముందు ఆరేళ్లలో కనీసం మూడేళ్లు హైస్కూలుకు తగ్గని బడిలో పాఠం చెప్పినవారే ఉపాధ్యాయుల నియోజకవర్గంలో ఓటర్లు. మా జిల్లా, పక్క జిల్లా కలిసి ఒకటే నియోజకవర్గం. విజయనగరం అప్పట్లో పక్క జిల్లా కిందికే వచ్చేది. ఆ స్థానం 1968లో ఖాళీ అవుతుందని తాఖీదు వచ్చింది. వెనకాలే కొత్త కలెక్టరు గారి హుకుం ఒకటి: ఈ నియోజకవర్గం పుట్టిన దగ్గర్నుంచి జరిగిన పోలింగు చరిత్రంతా ఒక పట్టిక వేసి తన బల్ల మీద పెట్టాలని.

చూడబోతే చిన్న పని. మండలి పుట్టి అప్పటికి పదేళ్లు. జరిగిన ఎన్నికలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. ఏ పోలింగు కేంద్రంలో ఎందరు ఓటర్లు, ఎందరు వేశారు, ఎన్ని చెల్లాయి, ఎన్ని చెల్లలేదు, ఏ రౌండులో ఎవరికెన్ని వచ్చాయి, ఇంతే. కానీ పాత ఫైళ్లు సగం చెదలు తినేశాయి. మిగిలిన సగంలో కేంద్రాల మొత్తం వేస్తే తాలూకా మొత్తం కుదరదు, తాలూకాలు కూడితే జిల్లా మొత్తం కుదరదు. సెక్షనులో ఇద్దరిని ఏజెన్సీ కొండల్లో గొడవల బందోబస్తు పనికి పట్టుకుపోయారు. నేనూ, ఒక అటెండరూ మిగిలాం. ఓటర్ల జాబితాలో చేర్చమంటూ వచ్చిన దరఖాస్తులు ఒకవైపు, ఈ పట్టిక ఇంకోవైపు. మెడలు పట్టేశాయి. అంకెలంటే విరక్తి పుట్టింది.

పోలింగు నెల రోజులుందనగా ఒక మధ్యాహ్నం జోగారావు మేస్టారు వచ్చారు. రాజాం హైస్కూల్లో నాకు లెక్కలు చెప్పిన మనిషి ఆయన. ఇంకో ఏడాదిలో రిటైరు. ఖాకీ సంచీ భుజాన వేసుకుని, సైకిలు క్లిప్పు పంట్లానికి అలాగే ఉంచుకుని నా బల్ల ముందు నిలబడ్డారు. ఆయన ఒక అభ్యర్థి తరఫున తిరుగుతున్నారు. అభ్యర్థి పేరు సూర్యనారాయణ. సాలూరు దగ్గర ఒక ఎయిడెడ్ స్కూల్లో సైన్సు మేస్టరు. ఎయిడెడ్ అంటే గ్రాంటు సర్కారుది, పెత్తనం యాజమాన్యానిది. ఒక చీటీ ముక్క రాసి పంపితే ఆ పూటకే మేస్టరు ఉద్యోగం ఊడే రోజులవి. జోగారావు గారు ఉద్యోగంలో చేరిన కొత్తలో అలాగే ఊడగొట్టించుకుని రెండేళ్లు ఇంట్లో కూర్చున్నారు. కారణం చెప్పకుండా మేస్టర్ని తీసెయ్యడానికి వీల్లేని చట్టం కావాలని అడిగే గొంతు సభలో ఒక్కటుండాలని ఆయన పట్టుదల. సూర్యనారాయణ మీద నిలబడినవాళ్లలో గట్టివాడికి యాజమాన్యాల మద్దతు ఉంది. ఓడిపోతే సూర్యనారాయణను బడిలో ఉంచరని అందరికీ తెలుసు. అతనికీ తెలుసు.

"ఏటిరా, తలెత్తడానికి కూడా తీరిక నేదా?" అన్నారు మేస్టారు.

కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు. బ్యాలెట్ గురించి ఒకటి అడిగి పోదామని వచ్చారట. మండలి ఎన్నికల్లో గుర్తులుండవు, ముద్ర వెయ్యడం ఉండదు. పేర్లు మాత్రం అచ్చేసి ఉంటాయి. మొదట కావలసినవాడి పేరు ఎదురుగా ఒకటి, ఆ తర్వాతివాడికి రెండు, అలా ఓటరు తన చేత్తో అంకెలు వెయ్యాలి. ఒకటి తప్పనిసరి, మిగతావి ఇష్టం. దీన్నే ప్రాధాన్య ఓటు అంటారు. అంకె పొరపాటున ఒకరికి బదులు ఇంకొకరికి పడితే కొట్టేసి సరిగ్గా వేసుకోవచ్చా అని మేస్టారు అడిగారు. వేసుకోవచ్చు అన్నాను. అప్పటికి నేను ఒక నిలువు గడి కూడుతూ సగంలో ఉన్నాను. వదిలితే మళ్లీ మొదటికొస్తుంది.

"కొట్టేసిన కాడ పొడి సంతకం ఎట్టాల గదా? మన రిజిస్టర్లలో ఎడతాం, అలాగ?"

"ఆఁ, అవును మేస్టారూ" అన్నాను.

అంతే జరిగింది. ఆయన మంచిదని చెప్పి వెళ్లిపోయారు. నేను కూడిక పూర్తి చేశాను. ఆ మొత్తం కూడా కుదరలేదు.

బడిపంతుళ్లతో పరిచయం లేనివారికి ఇక్కడ ఒక మాట చెప్పాలి. హాజరు పట్టీలో గానీ, మార్కుల జాబితాలో గానీ, ప్రవేశాల రిజిస్టరులో గానీ ఒక్క అంకె దిద్దితే పక్కన పొడి సంతకం ఉండి తీరాలి. లేకపోతే ఇన్‌స్పెక్టరు వచ్చినప్పుడు చీవాట్లు తప్పవు. సంతకం లేని దిద్దుబాటు వాళ్ల దృష్టిలో దొంగతనం. ఆ అలవాటును చెయ్యి మానదు. ఎన్నికల నిబంధన సరిగ్గా దీనికి ఎదురు. ఓటరు ఎవరో తెలిసే గుర్తు ఏది ఉన్నా ఆ బ్యాలెట్ చెల్లదు. ఉత్త కొట్టివేత ఉండి, ఒకటి అంకె ఎవరిదో స్పష్టంగా తెలుస్తుంటే చెల్లుతుంది. మరీ పాడైతే ప్రిసైడింగు అధికారికి తిరిగిచ్చి ఇంకొకటి అడిగి తీసుకోవచ్చు. ఇది నాకు నోటికి వచ్చు. నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ని. మెలకువగా ఉన్నప్పుడు అడిగితే చెప్పలేకపోయాను.

ఆ నెల రోజులూ మేస్టారు సైకిలు మీదా, బస్సుల్లోనూ హైస్కూళ్లన్నీ తిరిగారు. రాజాం, బొబ్బిలి, సాలూరు, పార్వతీపురం. స్టాఫు గదిలో నల్లబల్ల మీద నమూనా బ్యాలెట్ గీసి, తోటి మేస్టర్లకు పాఠం చెప్పినట్టు చెప్పారట. ఒకటి ఎక్కడ వెయ్యాలి, రెండు వెయ్యకపోతే ఏమవుతుంది, తప్పు పడితే ఎలా కొట్టి ఎలా పొడి సంతకం పెట్టాలి. ఎన్నికల ఆఫీసులో కనుక్కునే చెబుతున్నానని కూడా అన్నారట. ఇదంతా నాకు తర్వాత తెలిసింది.

ఓట్ల లెక్కింపు కచేరీ మీటింగు హాల్లో, ఉదయం ఎనిమిదికి మొదలైంది. నాది రెండో బల్ల పర్యవేక్షణ. ముందుగా పెట్టెలన్నీ గుమ్మరించి కలిపేస్తారు, ఏ ఊరి ఓటు ఎటు పోయిందో తెలియకుండా. తర్వాత ఒక్కొక్క కాగితం విప్పి చూసి, అనుమానమున్నవి పక్కన పెట్టాలి. చెల్లుతుందో లేదో తేల్చేది రిటర్నింగ్ అధికారి. మేము తీసి ఇవ్వడం వరకే. వైరు వల అవతల అభ్యర్థుల ఏజెంట్లు మెడలు సాచి చూస్తుంటారు.

గంట గడవకముందే నా చేతికి ఆ కాగితం వచ్చింది. సూర్యనారాయణకు రెండు అని వేసి, దాన్ని అడ్డంగా కొట్టి, ఒకటి వేశారు. పక్కన ఇంగ్లీషులో జె.ఆర్., కింద చిన్న గీత. నా లెక్కల నోటుపుస్తకాల్లో ఆరేళ్లు చూసిన సంతకం. అప్పుడు గుర్తొచ్చింది, నేను అన్న "ఆఁ, అవును".

ఏజెంట్లకు అది కనబడలేదు. నా పక్కన లెక్కపెడుతున్న ఇద్దరూ తల దించుకుని ఉన్నారు. ఆ కాగితాన్ని కట్టలో కలిపేస్తే అడిగేవాడు లేడు. నేను మహా నిజాయితీపరుణ్నని చెప్పుకోను. ఆ క్షణంలో నాకు నిజాయితీ గుర్తు రాలేదు, భయం ఒక్కటే ఉంది. కాగితం తీసుకెళ్లి రిటర్నింగ్ అధికారి ముందు పెట్టాను. ఆయన ఒక్క చూపు చూసి, చెల్లదని వెనక రాసి, తేదీ వేసి పక్కన పడేశారు.

తర్వాత మిగతా బల్లల నుంచి అలాంటివే రావడం మొదలుపెట్టాయి. మొత్తం పదకొండు. శుభ్రంగా కొట్టి, శుభ్రంగా దిద్ది, శుభ్రంగా పొడి సంతకం చేసినవి. పదకొండులో పది సూర్యనారాయణవే, ఒక్కటి యాజమాన్యాల మనిషిది. అతని ఏజెంటు లబోదిబోమన్నాడు. "ఇది సంతకం ఏటండీ బాబూ, రెండచ్చరాలు! ఈ అచ్చరాలోలు జిల్లాలో ఎంతమంది నేరు?" అని వాదించాడు. రిటర్నింగ్ అధికారి నిబంధన చదివి వినిపించారు. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. వాదించడానికి అందులో ఏమీ మిగల్లేదు.

ముగ్గురు అభ్యర్థుల్లో ఎవరికీ మొదటి ప్రాధాన్యంలో కోటా రాలేదు. కోటా అంటే చెల్లిన ఓట్లలో సగం, పైన ఒకటి. మూడోవాణ్ని తొలగించి, అతని కాగితాల మీద రెండు ఎవరికుందో చూసి పంచాం. మళ్లీ కట్టలు, మళ్లీ లెక్క, మళ్లీ సరిచూపు. సాయంత్రం అయిదు దాటేసరికి తేలింది. సూర్యనారాయణ ఆరు ఓట్ల తేడాతో ఓడిపోయాడు. హాల్లో ఉన్న ప్రతివాడూ మనసులో పదిలోంచి ఒకటి తీసి, ఆ తొమ్మిదిని ఆరు పక్కన పెట్టి చూసుకునే ఉంటాడు. సూర్యనారాయణ వచ్చి మా అందరికీ నమస్కారం పెట్టి వెళ్లాడు. నేను తిరిగి పెట్టానో లేదో జ్ఞాపకం లేదు.

మర్నాడు పట్టికలో ఆ ఎన్నిక వరస కూడా నేనే రాశాను. చెల్లనివి అన్న గడిలో అంకె వేశాను. ఎందుకు చెల్లలేదో రాయడానికి అందులో గడి లేదు. ఎన్నిక సక్రమంగా జరిపినందుకు సెక్షనుకి ప్రశంసాపత్రం వచ్చింది. అందులో నా పేరు కూడా ఉంది. సిగ్గుతో చచ్చిపోయాను, కానీ వద్దనలేదు.

ఎండాకాలం సెలవులు రాకముందే యాజమాన్యం సూర్యనారాయణను తీసేసింది. అతను శ్రీకాకుళం వచ్చి ఒక వకీలును కలిశాడు. ఎన్నికల ఆఫీసే తప్పు చెప్పిందని రుజువు చేస్తే పిటిషను వేసి చూడవచ్చునని, ఎవరు చెప్పారో జోగారావు మేస్టారి చేత రాయించి తెమ్మని వకీలు అన్నాడని కచేరీలో గుప్పుమంది. అప్పుడు నాకు పెళ్లయి రెండేళ్లు, చంటిపిల్ల. నాలుగు రోజులు అన్నం సహించలేదు. అయిదో రోజు సెలవు పెట్టి రాజాం బస్సెక్కాను.

మేస్టారు వీధి అరుగు మీద పరీక్ష పేపర్లు దిద్దుకుంటున్నారు. నన్ను చూసి కళ్లజోడు తీశారు. కాళ్ల మీద పడినంత పని చేసి, తప్పంతా నాదేనని, పేరు రాసి ఇచ్చెయ్యమని అన్నాను. ఆయన అప్పటికే రాసి ఇచ్చేశారట. ఎవరూ చెప్పలేదు, నా సొంత తెలివితో చెప్పాను అని. ఎందుకు మేస్టారూ అన్నాను.

"నీ పేరు రాస్తే నీ వుజ్జోగం పోతాది. సూర్నారాయణకి సీటు రాదు, ఆ వకీలు కూడా లోపాయికారీగా అదే సెప్పాడు. ఇద్దరు ఇంట్లో కూకోవడం దేనికి?"

నేను ఏడ్చాను. దాచుకోవలసిందేమీ లేదు. ఆయన ఓదార్చలేదు. ఇంకో మాట అన్నారు.

"ఒరే, సూడు. ఆ రోజు నువ్వు నా మాట ఇన్నేదని నాకు తెలిసిందిరా. కూడిక మీద ఉన్నావు. మళ్లీ అడగాల. అడగనేదు. ఎందుకంటే నాకు కావాల్సిన జవాబు నువ్వు సెప్పేసావు. అది తప్పని నీ నోట ఇనడం నాకిష్టం నేదు." కళ్లజోడు పెట్టుకున్నారు. "ఇంకెళ్లు. ఈ పేపర్లు రేపటికల్లా ఇచ్చెయ్యాల."

ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసి తహసీల్దారుగా దిగిపోయాను. ఈ ఉదంతం వల్ల నేర్చుకున్నది ఇంతే. ఆఫీసుకొచ్చి నిలబడి అడిగేవాడు చాలాసార్లు జవాబు తనతోనే తెచ్చుకుంటాడు. మన తల ఊపు ఒక్కటే అతనికి కావాలి. అందుకని తల ఊపకూడదు. చేతిలో పని పక్కన పెట్టి, పుస్తకం తీసి, నిబంధన అతని చేతే చదివించాలి. తెలియకపోతే తెలియదనాలి. అలా చేసినందుకు నా బల్ల ముందు ఎప్పుడూ జనం నిలబడే ఉండేవారు, చాదస్తుడని పేరూ వచ్చింది. జోగారావు మేస్టారు మరుసటి ఏడాది రిటైరయ్యారు. సూర్యనారాయణను ఆ తర్వాత ఏ బడీ తీసుకోలేదు.